కోసోకో, పెంటయ్య ఒకే కోవ పేర్లా?

శారద: నైజీరియాలోని యొరుబా పేరు "కోసోకో"కి "పార లేదు" అని అర్థమట. పిల్లలు దక్కని ఇంట పెడతారట. నేను చేస్తున్న అనువాదంలో తగిలింది. మన పెంటయ్య లాంటిదేనా?

మూర్తి: సందర్భం ఒకటే శారద గారూ, పేరు చేసే పని వేరు. కో అంటే లేమి, సి అంటే ఉండటం, ఒకో అంటే పార. "ఏమి + అంటివి = ఏమంటివి"లో లాగే "సి"లో ఇకారం జారిపోయి సోకో అయింది. గొయ్యి తవ్వడానికి పార లేదు, కాబట్టి చావకు అని భావం. స్వరం, అంటే అచ్చును పలికే స్థాయి, తప్పితే అర్థం మారిపోతుంది. ఒకో చివరి అచ్చు పైకి లేస్తే పార, సమంగా ఉంటే మొగుడు, దిగితే పడవ. తెలుగు లిపిలో ఈ తేడా కనబడదు. 1845 నుంచి 1851 దాకా లాగోస్‌ను ఏలిన రాజు పేరు కూడా ఇదే.

ఇలా పుట్టి పుట్టి చనిపోయే బిడ్డను యొరుబాలో "అబికు" అంటారు. బి పుట్టడం, కు చావడం. అదే ప్రాణి మళ్లీ మళ్లీ అదే తల్లి కడుపున పుట్టి వెళ్లిపోతోందని నమ్మకం. అందుకే ఈ పేర్లు చాలావరకు బిడ్డతోనే మాట్లాడతాయి. మాలోమో, ఇక వెళ్లకు. బాంజోకో, నా దగ్గర కూర్చో. దురోసిన్మి, ఉండి నన్ను పూడ్చు. అకిసాతాఁ, నిన్ను చుట్టి పూడ్చే పాతగుడ్డలు అయిపోయాయి (చివర అరసున్న పలకాలి). ఓదార్చేవాళ్లు అలిసిపోయారనే పేరు కూడా ఉంది. ఎంత దుఃఖం ఉండాలి ఆ పేరు పెట్టడానికి!

కమల: పెంటయ్య అలా కాదు. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకొకరు ఎత్తి తెచ్చి ఇస్తే పెంటయ్య. ఎంగిలి పుల్లాకుల మీద పొర్లిస్తే పుల్లయ్య. ఉత్తరాంధ్రలో తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంటే తవిటయ్య. ఇది పనికిమాలినది, నీకొద్దు అని మృత్యువుకీ దిష్టికీ చెప్పడం. దీనికి దగ్గరివి ఘనాలోని అకాన్ పేర్లు. సుమినా అంటే చెత్తకుప్ప, డొంకోర్ అంటే బానిస. ఆ బిడ్డను పిలిచే మాట మాత్రం "బెజినా", వచ్చి నిలిచిపో అని.

శారద: పేరుతోనే సరిపెడతారా మూర్తి గారూ?

మూర్తి: లేదండీ. అబికు కాళ్లకు చిన్న గంటలు కడతారు, ఆ చప్పుడుకి తోటి ఆత్మలు దగ్గరకు రావని. చనిపోయిన బిడ్డ ఒంటిమీద గాటు పెట్టి, తర్వాతి కాన్పులో అదే మచ్చ వెతికేవారు. నైజీరియాలోనే మరో జాతి ఇగ్బోలలో ఇలాంటి బిడ్డ "ఒగ్బాంజె". వాళ్ల మాంత్రికుడు దిబియా, బిడ్డ దాచిన "ఇయి ఉవా"ను, అంటే ఆత్మలోకంతో ముడివేసే వస్తువును, తవ్వి తీస్తాడు.

అబికును "సికిల్ సెల్ రోగి" అని అనువదించకండి. చాలామంది పిల్లల్ని తీసుకెళ్లింది వంశపారంపర్యంగా వచ్చే ఆ రక్తవ్యాధే అయ్యుండవచ్చు, కానీ మలేరియా, విరేచనాలతో పోయినవాళ్లూ అబికులే. అయితే సికిల్ సెల్ లక్షణాలు అబికు కథతో కలుస్తాయి. గర్భంలో ఏర్పడిన హిమోగ్లోబిన్ తొలి నెలల్లో కాపాడుతుంది. సుమారు ఆరో నెల నుంచి చేతులు, పాదాలు వాస్తాయి, బిడ్డ చిక్కిపోతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండా దాని జన్యువు మోసేవాళ్లయితే) ప్రతి కాన్పులోనూ ముప్పు 25 శాతం, పోయిన బిడ్డల సంఖ్యతో దానికి సంబంధం లేదు. అనువాదంలో "అబికు"నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరిస్తే చాలు.