తెలుగు టైపింగ్ మాటిమాటికీ పోతోంది, రేపే స్టాల్, ఎవరైనా చెప్పండి

సామర్లకోట జంక్షన్ (రాత్రి 8:50)
అందరికీ నమస్కారం. రేపు సెప్టెంబరు మూడో శనివారం కదా, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డేకి (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్ గురించి చెప్పే రోజు) మా కాలేజీ వరండాలో స్టాల్ పెడుతున్నాం. ఐదుగురం వాలంటీర్లం, మూడు లాప్‌టాప్‌లు, రెండు బల్లలు. మధ్యాహ్నం మూడింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నా. లైనక్స్ మింట్‌లో (విండోస్ బదులు వాడే సిస్టమ్) తెలుగు టైపింగ్‌కి ఐబస్ ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేసి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పెడతాను, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే తెలుగూ లేదు, ఐబస్సూ లేదు, మొదటికొస్తుంది. ఇప్పటికి ఏడుసార్లు వేశా, అదీ ఫోన్ హాట్‌స్పాట్ మీద, ఇవాళ్టి డేటా మొత్తం దానికే పోయింది. ఇది మింట్‌లో బగ్గా? ఫ్లెక్స్ ఫోటో కూడా పెడుతున్నా. స్టాల్‌లో ఇంకేమన్నా కావాలంటే అదీ చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

టర్మినల్ (8:58)
మింట్ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశారా, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపే లైవా?

పాత కీలు (9:05)
ముందు నాకు ఒకటి చెప్పండి, ఆర్‌టీఎస్ ఎందుకండీ అసలు? తెలుగు అక్షరం రాయడానికి ఇంగ్లీషు స్పెల్లింగు వెతుక్కోవాలా? మన భాషల కీబోర్డు వరస ఇన్‌స్క్రిప్ట్ 1986 నుంచి ఉంది, 1991లో భారతీయ ప్రమాణాల్లోకి కూడా చేరింది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఒక్కసారి చెయ్యి తిరిగితే కన్నడమైనా హిందీ అయినా అదే వరస, క ఎక్కడుందో అన్ని భాషల్లోనూ అక్కడే. పైగా దానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు, సిస్టమ్‌లోనే ఉంటుంది. స్వేచ్ఛ గురించి చెప్పడానికి స్టాల్ పెడుతూ పిల్లలకి రోమన్ లిపి అలవాటు చేయడం నాకైతే మింగుడుపడదు. మా ఆఫీసులో ఇరవయ్యేళ్ళు ఇదే కీబోర్డు మీద...

గోరుముద్ద (9:11)
మాస్టారూ, రేపు పొద్దున్నే స్టాలు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు రెండు నిమిషాలు నిలబడతాడు, ఆ రెండు నిమిషాల్లో ఇన్‌స్క్రిప్ట్ ఎలా వస్తుందండీ.

పదనిఘంటువు (9:14)
ఆ ఫ్లెక్స్ మీద "ఉచిత సాఫ్ట్‌వేర్ సమాచార కేంద్రం" అని వేయించారేమిటి! ఇంగ్లీషువాళ్ళకి ఫ్రీ అనే ఒక్క మాటే ఉంది, అందుకే 1983లో ఈ ఉద్యమానికి నాంది పలికిన గ్నూ ప్రాజెక్టు మొదలైన దగ్గర్నుంచి ధర గురించి కాదు బాబూ అని చెప్పుకుంటూనే ఉన్నారు. మనకి ఆ బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంత హాయిగా రెండు మాటలుండగా పోయి పోయి తప్పుది పట్టుకున్నారు. ఉచిత బస్సు, ఉచిత గ్యాస్ లాగా ఇదీ కొత్త పథకమేమో అనుకుని ఆధార్ కార్డు పట్టుకొస్తారు చూడండి.

సామర్లకోట జంక్షన్ (9:20)
ఫ్లెక్స్ అయిపోయిందండీ, డబ్బులు కూడా ఇచ్చేశాం. దయచేసి టైపింగ్ సంగతి ఎవరైనా చెప్పండి.

గోరుముద్ద (9:22)
ఉచిత అంటే జనం ఆగుతారు. "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అని పెడితే ఏదో సంఘం ధర్నా అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు. ఓపెన్ సోర్స్ అని వేస్తే ఏ గొడవా ఉండేది కాదు, కాలేజీ పిల్లలకి తెలిసిన మాట అదే.

పదనిఘంటువు (9:27)
ఓపెన్ సోర్స్ 1998లో పుట్టిన మాట, కంపెనీలకి స్వేచ్ఛ అంటే భయం వేస్తుందని పెట్టుకున్న పేరు. కోడ్ కనబడటం ఒక్కటే కాదుగా. వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, పదిమందికి పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం, ఈ నాలుగూ ఉండాలి. పేరులో స్వేచ్ఛ తీసేశాక స్టాల్‌లో చెప్పడానికి ఏం మిగిలింది?

టర్మినల్ (9:29)
లైవా, ఇన్‌స్టాలా? రెండోసారి అడుగుతున్నా.

సామర్లకోట జంక్షన్ (9:33)
అయ్యో చూడలేదు అన్నా. పెన్‌డ్రైవ్ నుంచే. ల్యాబ్ లాప్‌టాప్‌లు కదా, ఇన్‌స్టాల్ చేస్తే లెక్చరర్ ఊరుకోరు. ఎచర్ అనే ప్రోగ్రాంతో మింట్‌ని దానిమీద రాశాను.

టర్మినల్ (9:35)
అదీ సంగతి. బగ్ కాదు. లైవ్‌లో ఏం చేసినా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపేస్తే పోతుంది. ఎచర్ ఐఎస్ఓని (మింట్ డౌన్‌లోడ్ ఫైలు) ఉన్నదున్నట్టు దింపుతుంది, దాచుకోవడానికి చోటు ఉంచదు. విండోస్ దొరికితే రూఫస్ అనే ప్రోగ్రాంతో మళ్ళీ రాయండి, పర్సిస్టెంట్ పార్టిషన్ సైజ్ (చేసినవి దాచుకునే చోటు) అని స్లైడర్ ఉంటుంది, 4 జీబీ పెట్టండి. రాసే పద్ధతి అడిగితే డీడీ మోడ్ వద్దు, ఐఎస్ఓ మోడ్. పెన్‌డ్రైవ్ 8 జీబీ అయినా ఉండాలి.

సామర్లకోట జంక్షన్ (9:41)
మూడూ 4 జీబీవే అన్నా. షాపులు మూసేసి ఉంటారు.

టర్మినల్ (9:42)
అయితే రేపు షట్‌డౌన్ చేయకండి.

చిన్నక్క (9:58)
తమ్ముడూ, ఆ పాత కీలు గారి ఉపన్యాసం మధ్యలో నీకు కావలసింది ఉంది చూడు. ఇన్‌స్క్రిప్ట్‌కి ప్యాకేజీ అక్కర్లేదన్నారు కదా, అది నిజం, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్లు చేర్చేచోట తెలుగు దానంతట అదే ఉంటుంది. దాని పక్కనే తెలుగు కగప అని ఇంకోటి ఉంటుంది, అది ఫొనెటిక్. కె నొక్కితే క, ఎఫ్ నొక్కితే పొల్లు. నెట్ అక్కర్లేదు, ఆన్ చేసినప్పుడల్లా అర నిమిషం పని. ఆర్‌టీఎస్ అంత సుఖంగా ఉండదు గానీ పిల్లలు పేరు రాసుకోవడానికి చాలు.

ఇక స్టాల్ సంగతి. నేను మా ఊళ్ళో మూడేళ్ళు పెట్టాను. కరపత్రాలు తక్కువ వేయించు, సాయంత్రానికి అన్నీ నేలమీదే ఉంటాయి. ప్లగ్ పాయింటు ఎక్కడుందో ఇవాళే చూసుకో, పొడుగు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసుకెళ్ళు, వరండాల్లో ప్లగ్గులు ఉండవు. ఒక లాప్‌టాప్ పక్కన పెట్టుకో, అది ఎవరికీ ముట్టనివ్వకు, మిగతా రెంట్లో ఒకటి మొరాయిస్తుంది. భోజనాల టైములో ఐదుగురూ ఒకేసారి వెళ్ళిపోకండి, జనం వచ్చేది అప్పుడే. లైనక్స్ అని మొదలుపెట్టకు. వీఎల్‌సీ వాడతారా అని అడుగు, అందరూ అవునంటారు, అది ఈ కోవలోదే అని చెబితే అక్కణ్ణుంచి మాట సాగుతుంది. టాలీ నడుస్తుందా అని బీకాం పిల్లలు అడుగుతారు. నేరుగా నడవదు అని ఉన్నమాట చెప్పేయ్, విండోస్‌లోనే ఉండమను, ఎమ్మెస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రెఆఫీస్ అక్కడ కూడా వస్తుంది. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్ళు మాత్రం ఆసక్తిగా వింటారు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 వాళ్ళ మిషన్లో ఎక్కదు, కొత్తది కొనమంటే ఇంట్లో తిడతారు.

గోరుముద్ద (10:06)
అక్కా, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే డబ్బులు తీసుకోవచ్చా? ఫ్రీ అన్నాక తీసుకుంటే తప్పేమో.

పదనిఘంటువు (10:08)
చూశారా! ఉచితం అని రాయబట్టే ఈ సందేహం. కాపీకి డబ్బు తీసుకోవడానికి ఈ సాఫ్ట్‌వేర్ లైసెన్సు జీపీఎల్ ఏమీ అడ్డం చెప్పదు, సోర్సు కోడ్ కూడా అందేలా చూడాలి, కొన్నవాడు మళ్ళీ పంచుకోకుండా ఆపకూడదు.

పాత కీలు (10:15)
కగప మీద నాకు అభ్యంతరం ఉంది. అలవాటైన వేళ్ళు తర్వాత ఇన్‌స్క్రిప్ట్‌కి తిరగవు.

టర్మినల్ (10:16)
పడుకోండి సార్.

సామర్లకోట జంక్షన్ (మర్నాడు రాత్రి 7:25)
థాంక్స్ అందరికీ. కగప పెట్టాం, పనిచేసింది. చిన్నక్కా, ఒక లాప్‌టాప్ నిజంగానే మొరాయించింది, పదకొండున్నరకే. ప్లగ్గు ఆఫీసు రూములో దొరికింది. ఒకాయన పెన్షన్ కాగితాలు తెచ్చి ఇక్కడ ఉచితంగా అప్‌లోడ్ చేస్తారా అని అడిగాడు. మిగతావి తీరిగ్గా రాస్తా.

పదనిఘంటువు (7:31)
నేను చెప్పలేదూ! ఇంతకీ ఆ ఫ్లెక్స్ మీద చిన్న స్టిక్కరైనా అంటించారా?

పాత కీలు (8:10)
ఇన్‌స్క్రిప్ట్ ఎవరైనా అడిగారా?