అప్‌డేట్: వేడెక్కితే ఆగిపోయే పాత ఔట్‌బోర్డ్ మోటార్, తప్పు కాయిల్‌దే

పులికాట్‌లో మా నాయన పడవ వెనక తగిలించిన పాత ఒంటి సిలిండర్ ఔట్‌బోర్డ్ మోటార్ పదిహేను నిమిషాలు బాగా నడిచి ఠక్కున ఆగిపోతోందని, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందని పోయిన నెల అడిగినాను కదా. ఇప్పుడు బాగైంది. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

"ఆగిన వెంటనే, వేడి మీదే ప్లగ్ తీసి స్పార్క్ చూడన్నా" అన్న సలహాతోనే దారి దొరికింది. చల్లగా ఉన్నప్పుడు నీలంగా కొట్టే స్పార్క్, వేడి మీద అసలు లేదు. అంతవరకూ నేను చల్లారాకే చూసి, స్పార్క్ బాగుందనుకుని కార్బరేటర్ మూడుసార్లు విప్పినాను.

సూళ్లూరుపేట మెకానిక్ పుల్లర్‌తో ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) లాగి, దాని కింద చూపించినాడు. స్పార్క్‌కి కరెంటు పుట్టించే కాయిల్ పైపొర నిండా వెంట్రుకంత సన్నని పగుళ్లు! వేడికి లోపలి ఇన్సులేషన్ వదిలేస్తోందంట. కాయిల్‌తో పాటు కండెన్సర్ కూడా మార్చినాడు. ఉప్పుగాలికి నల్లబడిన పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్ ముక్కలు) శుభ్రం చేసి, వాటి మధ్య గ్యాప్ 0.5 మి.మీ. పెట్టినాడు. మీ మోటార్ కొలత మాన్యువల్లో చూసుకోండి.

కార్బరేటర్, ఆయిల్ కలిపే పాళ్లు, కొత్త ప్లగ్, వీటికీ దీనికీ సంబంధం లేదు. స్టాప్ స్విచ్ వైరు పీకి చూసినా తేడా రాలేదు.

నిన్న తడ దగ్గర గంటన్నర ఆపకుండా తిప్పినాం. నాయన ఒక్క మాట మాట్లాడలేదు, చెవి మాత్రం మోటార్ వైపే.