రాస్ప్‌బెర్రీ పై 4లో స్వాప్ తీసేయాలా? ఒక కార్డు పోయింది, రెండోది కూడా పోతే కష్టం

సన్నజాజి:
రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), 2 జీబీ ర్యామ్. హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని సెన్సర్లని చూసుకునేది), పై-హోల్ (ప్రకటనల్ని అడ్డుకునేది), రాత్రిపూట ఫోటోల్ని వర్గాలుగా విడగొట్టే చిన్న ప్రోగ్రాం నడుస్తున్నాయి. మానిటర్ లేదు, అంతా ఎస్‌ఎస్‌హెచ్‌లోనే, అంటే వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద లాగిన్ అయ్యే. మొన్న ఎస్‌డీ కార్డు పోయింది. వేరే కంప్యూటర్‌లో పెట్టి ఫార్మాట్ చేస్తే అయిపోయిందంటుంది, తీసి మళ్ళీ పెడితే పాత ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి! కొత్త కార్డు వేశాను. స్వాప్ (ర్యామ్‌లోవి కొన్ని కార్డు మీదకి పంపి పెట్టే చోటు) వల్లే పోయింది, తీసెయ్ అని స్నేహితుడు అంటున్నాడు. తీసేయాలా, ఉంచాలా?

ఎస్‌డీబాధితుడు:
తీసేయండి. ఆలోచించేదేం లేదు. ఫ్లాష్ మెమరీలో కొంచెం రాయాలన్నా ఒక పెద్ద బ్లాకు మొత్తం చెరిపి మళ్ళీ రాయాల్సి వస్తుంది. స్వాప్ రాసేవన్నీ 4 కేబీ ముక్కలు. కార్డుని ఇంతకంటే పాడుచేసే పని ఇంకోటి లేదు. మీ కార్డుకి వచ్చిన లక్షణం చూస్తేనే తెలుస్తోంది, అరిగిపోయి తనంతట తానే రాతకి తాళం వేసుకుంది. నా కార్డులు కూడా ఇలాగే పోయాయి.

వోల్టుమీటరు:
విసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ (బోర్డుకి వోల్టేజీ సరిగ్గా అందుతోందో లేదో చెప్పే కమాండ్) కొట్టి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.

కెర్నల్‌కబుర్లు:
బాధితుడు గారూ, స్వాప్ ఉండటం వేరు, స్వాప్ రాస్తూ ఉండటం వేరు. చాలామంది స్వాప్‌ని ర్యామ్ నిండాక వాడే స్పేర్ అనుకుంటారు. ఎప్పుడో బూట్‌లో ఒకసారి వాడి వదిలేసిన పేజీలు (మెమరీ ముక్కలు) ర్యామ్‌లో ఊరికే పడి ఉంటాయి. స్వాప్ ఉంటే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వాటిని ఒకసారి బయటికి పంపి, ఆ చోటు ఫైల్ క్యాష్‌కి (కార్డు నుంచి చదివిన ఫైళ్ల కాపీలకి) ఇస్తుంది. స్వాప్ లేకపోతే వాటిని కదపలేదు. అప్పుడు ఏం తీసేస్తుంది? నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ పేజీల్ని. కోడ్ కార్డు మీద ఎలాగూ ఉంది కదా, మళ్ళీ చదువుకోవచ్చని దాని లెక్క. ఇక చదవడం, పారేయడం, మళ్ళీ చదవడం. స్వాప్ తీసేసినా థ్రాషింగ్, అంటే ఈ ఊరికే అటూ ఇటూ తిప్పడం, ఆగదు, రాత నుంచి చదువుకి మారుతుంది, అంతే.

ఎస్‌డీబాధితుడు:
చదివితే కార్డు అరగదుగా! మీరే ఒప్పుకున్నారు.

కెర్నల్‌కబుర్లు:
నేను చెప్పింది అరుగుదల గురించి కాదు.

ఎస్‌డీబాధితుడు:
ఆయన అడిగింది అరుగుదల గురించే.

సన్నజాజి:
ఫ్రీ కమాండ్ కొడితే స్వాప్ వాడకం 78 ఎంబీ చూపిస్తోంది. ఇది ఎక్కువా?

ఎస్‌డీబాధితుడు:
చూశారా? 78 ఎంబీ కార్డు మీదకి వెళ్ళిపోయింది.

కెర్నల్‌కబుర్లు:
ఆ 78 ఇప్పుడు అక్కడ ఉన్న నిల్వ. గంటకి ఎంత రాస్తోందో అది చెప్పదు. పొద్దున రాసిన 78 రాత్రికి కూడా అలాగే ఉంటే కార్డుకి వచ్చిన నష్టమేం లేదు. సన్నజాజి గారూ, వీఎంస్టాట్ 5 అని కొట్టి కాసేపు వదిలేయండి. ఎస్‌ఐ (స్వాప్ నుంచి చదివింది), ఎస్‌ఓ (స్వాప్‌కి రాసింది) అనే రెండు నిలువు వరుసలు చూడండి. ఎస్‌ఓ సున్నా దగ్గరే ఉంటే స్వాప్ ఏమీ రాయట్లేదని అర్థం. అలాగే ఐఓటాప్‌ని ఏఓ ఆప్షన్‌తో ఒక రాత్రి నడపండి. ఎవరెంత రాశారో మొత్తం కూడి చూపిస్తుంది.

మిణుగురు:
కార్డు వదిలేసి యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి, గొడవ ఉండదు.

సన్నజాజి:
రాత్రంతా నడిపాను. ఎస్‌ఓ దాదాపు సున్నాయే, ఫోటోల ప్రోగ్రాం మొదలైనప్పుడు మాత్రం కాసేపు వందల్లో ఉంది. ఐఓటాప్‌లో పైన ఉన్నవి హోమ్ అసిస్టెంట్, దాని వెనకే జేబీడీ2, తర్వాత పై-హోల్. గెట్ థ్రాటిల్డ్‌లో చివర 50005 అని వచ్చింది. దీని అర్థమేంటి?

వోల్టుమీటరు:
చివరి 5 అంటే ఈ క్షణంలోనే వోల్టేజీ తక్కువగా ఉంది, వేగం తగ్గించేసింది. ముందున్న 5 అంటే బూట్ అయినప్పటి నుంచీ ఆ రెండూ జరిగాయి. బోర్డు దగ్గర 4.63 వోల్టుల కిందికి పడితే ఈ బిట్ వెలుగుతుంది. మీ కేబుల్లో 0.2 ఓమ్ నిరోధం ఉండి 2 ఆంపియర్లు లాగితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. అధికారిక అడాప్టర్ ఊరికే 5.1 వోల్టులు ఇవ్వట్లేదు. కేబుల్ మార్చండి.

ఎస్‌డీబాధితుడు:
కేబుల్ వల్ల ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది. కార్డు రాతకి తాళం వేసుకోదు. ఆయన లక్షణం అరుగుదలే. టాపిక్ మళ్ళించొద్దు.

కెర్నల్‌కబుర్లు:
అరుగుదలేనని నేనూ ఒప్పుకుంటాను. అరగదీసింది ఎవరన్నదే ప్రశ్న. జవాబు పైన ఆయనే పెట్టారు. హోమ్ అసిస్టెంట్ ప్రతి సెన్సర్ మార్పునీ కొన్ని సెకన్లకోసారి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి దించుతుంది. పై-హోల్ తన క్వెరీల చిట్టాని నిమిషానికోసారి రాస్తుంది. వీటికి తోడు ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఆ మార్పుల వివరాల్ని (మెటాడేటా) తన జర్నల్‌లో విడిగా రాసుకుంటుంది, జేబీడీ2 అంటే అదే. ఇవన్నీ వదిలేసి మీ కార్డులు పోయాయని ఊళ్ళో అందరి స్వాప్ మీదా పగ తీర్చుకుంటే ఎలా?

ఎస్‌డీబాధితుడు:
పుస్తకంలో చదివింది అప్పజెప్పడం తేలికే. మీ పై మీ బల్ల మీద ఉంటుంది. వేలాడిపోతే వైరు పీకి పెడతారు. నాది తాళం వేసిన గదిలో గోడకి బిగించి ఉంది, తాళం నా దగ్గర ఉండదు. ఒక రాత్రి ఒక ప్రోగ్రాం మెమరీ లీక్ చేసింది. స్వాప్ నిండటం మొదలైంది. పింగ్ వస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను, అక్కడే నిలబడిపోయింది. వాచ్‌డాగ్ (జవాబు రాకపోతే రీబూట్ చేసేది) లేదా అంటారేమో, ఉంది, 15 సెకన్లకి పెట్టాను. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ నత్తనడకన అయినా దానికి జవాబు చెబుతూనే ఉంది కాబట్టి రీబూట్ చేయలేదు! బతికీ లేదు, చావనూ లేదు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను. స్వాప్ లేకపోతే ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రోగ్రాంని ఆపేసే కెర్నల్ భాగం) ఆ ప్రోగ్రాంని చంపేసేది, సిస్టమ్‌డీ మళ్ళీ లేపేది, నేను పడుకునేవాణ్ణి.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త గొంతు తగ్గించండి. వ్యక్తిగతంగా వెళ్తే పోస్టులు తీసేస్తాను.

కెర్నల్‌కబుర్లు:
ఈ సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ బాధ కార్డు గురించి కాదు. మెమరీ నిండినప్పుడు మెల్లబడాలా, ఎవరో ఒకరు చావాలా అన్నది మీ గొడవ. నాకు మెల్లబడటమే కావాలి. నా బోర్డు మీద కంపైల్ గంటల తరబడి నడుస్తుంది. చివర్లో ఓఓఎం కిల్లర్ వచ్చి లింకర్‌ని (కంపైల్ చివరి మెట్టు) చంపేస్తే మొదటికొస్తుంది. అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు, పని పూర్తి కావాలి.

అయితే స్వాప్ తీసేస్తే వెంటనే చంపుతుందన్న మీ నమ్మకం కూడా సరికాదు. పైన చెప్పానుగా, ముందు కోడ్ పేజీల్ని పారేసి మళ్ళీ చదువుతుంది. కెర్నల్ ఓఓఎం కిల్లర్ చాలా ఓపికమంతుడు, ఏ కాస్త చోటు దొరుకుతున్నా కదలడు. అదే గడ్డకట్టడం స్వాప్ లేకుండా కూడా వస్తుంది. మీకు కావాల్సింది ఎర్లీఊమ్, మెమరీ పూర్తిగా నిండకముందే ప్రోగ్రాంని చంపేది.

ఎస్‌డీబాధితుడు:
ఎర్లీఊమ్ పెట్టుకునే ఉన్నాను. మామూలు సెట్టింగులో అది ఎప్పుడు కదులుతుందో చూశారా? మిగిలిన ర్యామ్ 10 శాతం కిందికి రావాలి, ఖాళీ స్వాప్ కూడా 10 శాతం కిందికి రావాలి. రెండూ. కార్డు మీద స్వాప్ ఉంటే అది 90 శాతం నిండేలోపే పెట్టె గడ్డ కడుతుంది. అందుకే తీసేయమన్నాను.

కెర్నల్‌కబుర్లు:
ఆ పాయింట్ సరైనదే. దానికి జవాబు జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్, కార్డు జోలికి పోదు, నిండినా వేగంగా నిండుతుంది, ఎర్లీఊమ్ టైముకి కదులుతుంది. దాంతోపాటు స్వాపీనెస్‌ని (కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) 100 చేయండి.

ఎస్‌డీబాధితుడు:
100?! అందరూ 10 పెట్టమంటారు.

కెర్నల్‌కబుర్లు:
10 అనేది నెమ్మదిగా ఉండే డిస్కు కోసం. జెడ్‌ర్యామ్ కార్డు కంటే చాలా వేగం, ఫైళ్లని కార్డు నుంచి మళ్ళీ చదవడం కంటే అదే చవక. 5.8 కెర్నల్ నుంచి ఆ హద్దు 200 దాకా పెంచింది ఇందుకే.

ఎస్‌డీబాధితుడు:
నాకు 10 చాలు.

సన్నజాజి:
చేసినవి చెబుతున్నాను. కార్డు మీద స్వాప్ తీసేశాను, జెడ్‌ర్యామ్ పెట్టాను, ఎర్లీఊమ్ వేశాను. సిస్టమ్ లాగులు రాసే జర్నల్‌డీలో స్టోరేజ్ వొలటైల్ చేశాను, లాగులు ర్యామ్‌లోనే ఉంటాయి, రీబూట్ అయితే పోతాయని తెలుసు. పై-హోల్ చిట్టా గంటకోసారి రాసేలా మార్చాను. అడాప్టర్ మార్చాక గెట్ థ్రాటిల్డ్ సున్నా చూపిస్తోంది. ఒక్క సందేహం, ఎర్లీఊమ్ హోమ్ అసిస్టెంట్‌ని చంపకుండా ఫోటోల ప్రోగ్రాంనే చంపాలంటే?

ఎస్‌డీబాధితుడు:
ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఎర్లీఊమ్ ఫైల్ ఉంటుంది. అందులో ప్రిఫర్ ఆప్షన్‌కి ఫోటోల ప్రోగ్రాం పేరు, అవాయిడ్ ఆప్షన్‌కి హోమ్ అసిస్టెంట్ పేరు ఇచ్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. కంటైనర్‌లో నడుస్తుంటే ప్రాసెస్ పేరు వేరేలా ఉండొచ్చు, టాప్ కమాండ్‌లో ఏం కనిపిస్తే అదే రాయండి.

కెర్నల్‌కబుర్లు:
అవాయిడ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ని అందుకునేది) కూడా చేర్చండి.