జాస్పర్ జాన్స్ ‘ఫ్లాగ్’: 48 నక్షత్రాలేనా? మైనం ఎందుకు?

ప్రశ్న: న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం మోమాలో ఉన్న, అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్ మైనంతో వేసిన అమెరికా జెండా బొమ్మ ‘ఫ్లాగ్’లో (1954–55) నక్షత్రాలు 48 మాత్రమే. పొరపాటా, కావాలనా? చారల కింద అచ్చు అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. అదే పద్ధతిలో చిన్న బొమ్మ చేయాలంటే ఎలాగండీ?

జవాబు 1: పొరపాటు కాదండీ. అప్పటికి అమెరికాలో రాష్ట్రాలు 48. వరసకు 8 చొప్పున 6 వరసలు. అలాస్కా, హవాయి చేరింది 1959లో. ఆ అక్షరాలు, రంగు కలిపిన మైనం కింద ఉన్న వార్తాపత్రిక ముక్కలవి. మైనం కాస్త పారదర్శకం కాబట్టి అచ్చు పైకి తేలుతుంది. దూరం నుంచి జెండా, దగ్గరికెళ్తే పాత పేపరు! ఎవరికి దేశభక్తి ఉందో, ఎవరికి లేదో తేల్చేస్తున్న, సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట రోజుల్లో వేసిన బొమ్మ ఇది. ఇది వందనమో విమర్శో జాన్స్ చెప్పలేదు. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది.

జవాబు 2: ఇక పని సంగతి. తేనెమైనం 8 పాళ్లు, డామర్ గుగ్గిలం 1 పాలు. కరిగాక 80–90 డిగ్రీల దగ్గర నిలపండి. వేడి మించితే పొగ లేచి కళ్లు మండుతాయి, కిటికీలు తెరిచే ఉంచాలి. నేరుగా మంట మీద వద్దే వద్దు. అడుగున ప్లైవుడ్ వాడండి, ఒట్టి కాన్వాస్ వంగితే మైనం పగులుతుంది. మామూలు యాక్రిలిక్ ప్రైమర్ పూయకండి, మైనం ఇంకక పెళ్లలుగా ఊడుతుంది. ప్రతి పొర మీదా హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) తిప్పి, కింది పొరతో కలిసేదాకా మెత్తబరచాలి.

జవాబు 3: మైనం కింద అంటించడానికి నున్నటి మ్యాగజైన్ కాగితం వద్దు, అది మైనం పీల్చదు, న్యూస్‌ప్రింటే తీసుకోండి. అది పసుపెక్కుతుంది, కాబట్టి తెల్ల చారల్లో తక్కువ వాడండి.