ఎండ తగలని అపార్ట్‌మెంట్‌లో పొడులు, రొట్టెలు, పచ్చళ్ళు ఇంట్లోనే చేసుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఐదో అంతస్తులో ఉంటున్నాము. ఇద్దరమూ ఉద్యోగస్థులం కావడంతో ఇడ్లీపిండి, పొడులు, అల్లం వెల్లుల్లి ముద్ద అన్నీ ప్యాకెట్లలోనే కొంటున్నాము. ఇకపై వీలైనంతవరకు మన చుట్టుపక్కల పండినవి తెచ్చుకుని ఇంట్లోనే వండుకోవాలని గట్టిగా అనుకుంటున్నాము. అయితే డాబా మీదికి తాళం వేసి ఉంచుతారు, బాల్కనీలోకి ఎండ సరిగా రాదు. దేనితో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

జవాబు 1:
ఎండతో పని లేనివాటితో మొదలుపెట్టండి. కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర సన్నని సెగ మీద విడివిడిగా దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక ఉప్పు చేర్చి మిక్సీ పడితే కందిపొడి సిద్ధమవుతుంది. వేడి మీదే పడితే చెమ్మ చేరి త్వరగా పాడవుతుంది. పప్పు కోసం దూరం చూడనక్కర్లేదు, వికారాబాద్ జిల్లాలోని తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇడ్లీకి గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల రవ్వ సరిపోతుంది. కూరగాయలకు 1999లో మొదలైన రైతు బజార్లే నా దృష్టిలో ఇప్పటికీ మేలైనవి. మీ కూకట్‌పల్లిలోనూ ఒకటి ఉంది. ఉదయాన్నే వెళ్ళి, ఏం వండాలో ముందే నిర్ణయించుకోకుండా, ఆ రోజు తాజాగా వచ్చిన తోటకూరో చుక్కకూరో గంగవాయిలి కూరో తెచ్చి పప్పులో వేయండి.

జవాబు 2:
పై సలహాకు జొన్నరొట్టెను కూడా చేర్చుకోండి. పిండి కొనవద్దు, జొన్నలు కొని గిర్నిలో కొద్దికొద్దిగా పట్టించుకోండి. నిలవ పిండి చేదెక్కుతుంది, రొట్టె తడుతుంటే అంచులు విరిగిపోతాయి. మరిగే నీళ్ళు పోసి కలిపితే పిండికి జిగి వస్తుంది.

జవాబు 3:
డాబా లేకపోతే పచ్చళ్ళు పెట్టలేమని చాలామంది అనుకుంటారు కానీ, అది మాగాయకూ వడియాలకూ వర్తించే మాట, ఆవకాయకు కాదు. వేసవిలో బజారులో కాయలు కొన్నచోటే ముక్కలు కొట్టిస్తారు. కాయలను ముందే కడిగి తడి లేకుండా తుడిచి తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది. ఆవపిండి, కారం సమంగా, ఉప్పు వాటికన్నా కాస్త తక్కువగా కలిపి, నువ్వుల నూనెతో జాడీకెత్తి, మూడో రోజున తిరగకలిపి, ముక్కలు మునిగేలా మళ్ళీ నూనె పోయండి. వడియాలు మాత్రం మంచి ఎండ లేకుండా పెట్టవద్దు, బూజు పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. గిర్నిలో ఒకటి రెండు కిలోలు కూడా పడతారా?

జవాబు 2:
మా వీధిలో పడతారండి. అయితే అంతకుముందు ఏ గింజ పట్టారో అడిగి తెలుసుకోండి. మిరపకాయలు పట్టే మరలో మాత్రం జొన్నలు పోయించవద్దు.