కారుచౌడుకు ఎఫ్‌జీడీ జిప్సం: ఎకరానికి ఎంత, ఎలా వేయాలి?

నల్లరేగడి:
ఎకరం బంకమట్టి, కారుచౌడు (సోడియం ఎక్కువై క్షారగుణం పట్టిన నేల). పై 15 సెం.మీ. మట్టిలో పీహెచ్ 9.3, సీఈసీ (కాల్షియం, సోడియం వంటివాటిని మట్టి పట్టి ఉంచే శక్తి) 20, ఈఎస్‌పీ (అందులో సోడియం వాటా) 28 శాతం. వాన పడితే నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి, ఆరాక పైన పెచ్చు కడుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి ఎఫ్‌జీడీ జిప్సం (పొగలోని గంధకాన్ని తొలగించేటప్పుడు వచ్చేది), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), ఎరువుల కర్మాగారం నుంచి ఫాస్ఫోజిప్సం దొరుకుతున్నాయి. ఏది వేయాలి, ఎంత? ఫ్లైయాష్ కూడా కలిపితే నేల గుల్లబారుతుందా?

మడిగట్టు:
ఫ్లైయాష్ వద్దండీ. చాలా రకాల బూడిద క్షారగుణం గలది, బోరాన్ కూడా ఎక్కువ. పీహెచ్ 9.3 ఉన్న నేలకు అది మరింత చేటు. మట్టిలోని సోడియంను కదిలించడానికి మీకు కావలసింది కాల్షియం, అది జిప్సంలో ఉంది.

లెక్క ఇలా వేయండి. ఈఎస్‌పీ 28 నుంచి 10కి తేవాలంటే 20 సీఈసీలో 18 శాతం, అంటే 3.6 యూనిట్ల సోడియం పోవాలి. ఎకరంలో 15 సెం.మీ. లోతున ఒక్కో యూనిట్‌కు దాదాపు 0.78 టన్నుల స్వచ్ఛమైన జిప్సం పడుతుంది. మొత్తం 2.8 టన్నులు. వేసినదంతా మార్పిడికి పనికిరాదు గనక పావు వంతు పెంచితే 3.5. సరుకు 90 శాతం స్వచ్ఛత, 10 శాతం తేమ ఉంటే తూకంలో 4.3 టన్నులు తోలించాలి. తేమను వదిలేసి లెక్కేయడమే చాలామంది చేసే పొరపాటు.

పొలంబాట:
పైవారి లెక్కతో ఏకీభవిస్తాను. తోలించే ముందు మాత్రం సరుకును పరీక్షించండి. ఎఫ్‌జీడీ పదార్థాన్ని పూర్తిగా ఆక్సీకరణ చేయకపోతే అందులో కాల్షియం సల్ఫైట్ మిగిలి ఉంటుంది. చిటికెడు తీసుకుని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. అగ్గిపుల్ల కాలినప్పటి ఘాటైన వాసన వస్తే సల్ఫైట్ ఉన్నట్టే. వాసన లేకుండా నురగ వస్తే సున్నపురాయి మిగిలింది, అది స్వచ్ఛతను తగ్గిస్తుందంతే. సల్ఫైట్ మట్టిలో ఆక్సిజన్‌ను లాగేసుకుని వేళ్లను దెబ్బతీస్తుంది, అందుకని విత్తడానికి కొన్ని వారాల ముందే వేయాలి.

ఫాస్ఫోజిప్సంలో మిగిలిన ఆమ్లం ఈ నేలకు మేలే. కానీ రేడియం-226 (రేడియోధార్మిక పదార్థం), ఫ్లోరైడ్, కాడ్మియం నివేదిక అడగాలి. అమెరికాలో పొలానికి వాడే సరుకుకు రేడియం పరిమితి కిలోకు 370 బెక్వెరెల్స్. నివేదిక లేని గుట్ట నుంచి తోలించకండి.

నల్లరేగడి:
ధన్యవాదాలు. లోతుగా దున్ని, ఒకేసారి కలిపేయవచ్చా? పక్కన మురుగు కాలువ లేదు.

మడిగట్టు:
కాలువ లేకపోతే జిప్సం వేయకండి. కాల్షియం వచ్చి సోడియంను కదిలిస్తుంది, కదిలిన సోడియం సల్ఫేట్ బయటికి పోకపోతే నీరు ఆవిరయ్యేకొద్దీ మళ్లీ పైకే వస్తుంది. ముందు కాలువ తవ్వి, మడిని చదును చేసి, గట్టు వేయండి. మెరక పల్లాలుంటే మెరక మీద ఉప్పు మిగులుతుంది.

లోతు దుక్కి కూడా వద్దు. జిప్సం సమంగా చల్లి 10 సెం.మీ. వరకే కలపండి. లోతుకు పోతే లెక్క చెదిరి పై పొరకు కాల్షియం చాలదు. ఆపై నీళ్లు పెట్టి 10–15 రోజులు నిలవనివ్వండి. లీటరు నీటిలో జిప్సం 2.5 గ్రాములే కరుగుతుంది. ఆ లెక్కన 3.5 టన్నులు కరగడానికి ఎకరంలో 35 సెం.మీ. నీళ్లు కావాలి. మట్టి కాల్షియంను లాక్కుంటుంది గనక వాస్తవంలో కాస్త తేలిగ్గా కరుగుతుంది, అయినా ఒక్క తడితో అయ్యే పని కాదు. ఆ నీళ్లు ఇంకితే వరి నాటి, ఏడాది తర్వాత 0–15, 15–30 సెం.మీ. మట్టి విడివిడిగా పరీక్షించండి.

చెరకుతోట:
చక్కెర మిల్లు ప్రెస్‌మడ్ (చెరకురసం వడకట్టగా మిగిలే మడ్డి) కూడా దొరికితే ముందుగా ఏ పద్ధతి మిల్లో అడగండి. సల్ఫిటేషన్ (గంధకపు పొగతో రసాన్ని శుద్ధి చేసే) మిల్లుదైతే గంధకం, సేంద్రియం రెండూ వస్తాయి. కార్బొనేషన్ (సున్నం, కార్బన్ డయాక్సైడ్‌తో శుద్ధి చేసే) మిల్లుదైతే అందులో ఎక్కువ భాగం సున్నపురాయే, క్షార నేలలో కరగదు. పచ్చిది తోలితే కుళ్లేటప్పుడు వేడెక్కి మొలకలు చస్తాయి. మాగబెట్టాకే వేయండి.

ఇంకొకటి, బోరు నీరు పరీక్షించారా? ఆర్‌ఎస్‌సీ (నీటిలో కాల్షియం, మెగ్నీషియంలను మించి ఉన్న కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత) 2.5 దాటితే ప్రతి తడీ కొత్తగా సోడియంను తెచ్చిపెడుతుంది. 4 ఉందనుకుంటే, అదనపు 1.5ను సరిచేయడానికి 10 సెం.మీ. తడికి ఎకరానికి దాదాపు 52 కిలోల జిప్సం కరగాలి. బోరు నీరు పారే కాలువలో జిప్సం గోతాలు పెట్టి నీళ్లు వాటి మీదుగా పారించడమే దీనికి సులువైన దారి.

నల్లరేగడి:
బోరు నీరు పరీక్షించలేదు. ముందు కాలువ, తర్వాత ఆమ్లం పరీక్ష, నీటి ఫలితం వచ్చాకే సరుకు తోలిస్తాను.