ఎస్‌క్యూఎల్ సర్వర్: డేటా, లాగ్, టెంప్‌డీబీ ఫైళ్లను ఏ డిస్కుల్లో ఉంచాలి?

ప్రశ్న:
నమస్కారం. మందుల పంపిణీ సంస్థ ఒకదానిలో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) నిర్వహణ చూస్తున్నాను. 6 ఎస్‌ఏఎస్ హార్డ్‌డిస్కులను కలిపి ఒకే రెయిడ్ 5గా (ఒక డిస్కు చెడినా డేటా పోకుండా డిస్కులను కలిపి వాడే అమరిక) కట్టి, దానినే సీ, డీ, ఈ డ్రైవులుగా విభజించారు. డేటా ఫైలు డీలోను, లాగ్ ఫైలు ఈలోను ఉన్నాయి. నెలాఖరున ఎవరైనా స్టాకు రిపోర్టు తీస్తే చాలు, బిల్లులు సేవ్ కాకుండా కౌంటర్లన్నీ నిలిచిపోతున్నాయి. ప్రాసెసర్ మాత్రం సగం కూడా వాడుకలో ఉండడం లేదు. ఫైళ్లను వేరు చేసినా ఫలితం ఎందుకు కనబడడం లేదు? 2 ఎస్‌ఎస్‌డీలు కొనడానికి అనుమతి దొరికింది. వాటిలో ఏది పెట్టాలి?

సమాధానం 1:
మీ ఫైళ్లు నిజానికి వేరు కాలేదండీ. డ్రైవు అక్షరాలు మారినా అడుగున ఉన్నవి అవే 6 డిస్కులు. లాగ్ ఫైలు డేటాలో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేస్తూ వరుసగా రాసుకుంటూ పోయేది. రిపోర్టు కోసం డేటా ఫైలును చదివేటప్పుడు డిస్కు హెడ్ ఎక్కడెక్కడికో తిరగవలసి వస్తుంది. ప్రతి లావాదేవీ తన లాగ్ రికార్డు డిస్కుకు చేరేవరకు కమిట్ (ఖరారు) కాదు కనుక, ఆ తిరుగుడు మధ్యలో చిక్కుకున్న బిల్లు అక్కడే ఆగిపోతుంది. పైగా రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత డేటాను, పాత పారిటీని (డిస్కు పోతే డేటాను తిరిగి లెక్కగట్టేందుకు ఉంచే అదనపు సమాచారం) చదివి, కొత్తవి రెండూ రాయాలి. అంటే 4 డిస్కు పనులు. ప్రతి డేటానూ రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ 10లో 2 చాలు. నేనైతే ఎస్‌ఎస్‌డీలు రెండింటినీ మిర్రర్ (ఒకదానికొకటి నకలు) చేసి లాగ్‌ను అక్కడికి మార్చి, 6 డిస్కులను రెయిడ్ 10గా తిరిగి కడతాను. అలా కట్టేటప్పుడు సీ డ్రైవుతో సహా అంతా చెరిగిపోతుంది కాబట్టి, బ్యాకప్‌ను వేరే యంత్రంలో రీస్టోర్ చేసి చూసుకున్న తరువాతే మొదలుపెట్టండి.

సమాధానం 2:
పై సూచన సబబే గాని, ముందు కొలవండి. సిస్.డీఎం_ఐఓ_వర్చువల్_ఫైల్_స్టాట్స్ అనే సర్వర్ ఫంక్షన్ ప్రతి ఫైలుకూ ఎన్ని రాతలు జరిగాయో, వాటి కోసం ఎన్ని మిల్లీసెకన్లు ఆగవలసి వచ్చిందో చూపుతుంది. ఆ అంకెలు సర్వర్ మొదలైనప్పటి నుంచి పోగైనవి. అందుచేత రద్దీకి ముందొకసారి, తరువాత ఒకసారి తీసి, తేడాను చూడాలి. వెయిట్లలో (సర్వర్ దేని కోసం ఎంతసేపు ఆగిందో చూపే లెక్కలు) రైట్‌లాగ్, అంటే లాగ్ రాత కోసం ఆగడం, పైన ఉంటే లాగ్‌దే ఇబ్బంది. పేజ్‌ఐఓలాచ్, అంటే డిస్కు నుంచి డేటా రావడానికి ఆగడం, పైన ఉంటే, ఆ స్టాకు రిపోర్టు ఇండెక్స్ లేక టేబుల్ మొత్తాన్ని చదువుతోందేమో చూడండి. అప్పుడు డిస్కుల కంటే ముందు ఒక ఇండెక్సో, అదనపు మెమరీయో పని చక్కబెట్టవచ్చు.

సమాధానం 3:
టెంప్‌డీబీని (సర్వర్ తాత్కాలిక పనులకు వాడుకునే డేటాబేస్) మరువకండి. పెద్ద రిపోర్టుల సార్టింగ్ మెమరీలో పట్టకపోతే అక్కడికే చేరుతుంది. ఎస్‌ఎస్‌డీల్లో చోటు మిగిలితే దానినీ అక్కడే పెట్టవచ్చు. లాజికల్ కోర్లు ఎన్ని ఉంటే అన్ని డేటా ఫైళ్లు, 8కి మించకుండా, అన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి; ఒకటి పెద్దదైతే రాతలు దానివైపే ఎక్కువగా మొగ్గుతాయి. లాగ్ ఫైలును మాత్రం రెండుగా పెంచవద్దు. సర్వర్ ఒకటి నిండాకే మరొకదానిలో రాస్తుంది కాబట్టి వేగం పెరగదు. కొత్త డేటా డ్రైవును 64 కేబీ అలొకేషన్ యూనిట్‌తో (ఫైళ్లకు చోటు కేటాయించే కనీస ముక్క) ఫార్మాట్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు రద్దీలో కొలిచాను: లాగ్ రాతకు సగటున 41 మిల్లీసెకన్లు, డేటా చదవడానికి 14. ఎస్‌ఎస్‌డీలు లాగ్‌కు, టెంప్‌డీబీకి కేటాయిస్తున్నాను. రెయిడ్ 10 మార్పును సెలవు రోజుకు ఉంచి, అంతకుముందే రీస్టోర్ పరీక్ష పూర్తిచేస్తాను.